కుడి పేజీ

కోటిపల్లి రేవులో టిక్కెట్లు చింపే మల్లాడి ధర్మారావు
ఒకే నోటుబుక్కులో రెండు లెక్కలు రాస్తాడు.
ఎడమ పేజీలో జనం. కుడి పేజీలో తిరుగుళ్ళు.
"డీజిలు తాగేది జనం కాదండీ, తిరుగుళ్ళు" అంటాడు.

అప్పట్లో ఆ మాట నాకు పట్టలేదు.
ముక్తేశ్వరంలో, ఎరువుల కొట్టు మీది గదిలో,
ఆరువందల నలభై రొయ్యల చెరువుల ఊపిరి నా దగ్గరుంది:
పది నిమిషాలకోసారి, నీటిలో ఎంత ఆక్సిజనో,
మూడేళ్ళ పొడుగునా.
ఒక్కో చెరువుకీ సగటు కట్టి చెప్పడానికి
పద్నాలుగు సెకన్లు.
గదిలో కూర్చున్నవాడికి అదేం పెద్ద కాలం కాదు.
తెల్లవారుజామున మూడింటికి
రొయ్య పైకి తేలుతుంటే, గట్టు మీద
ఫోనులో తిరిగే చక్రాన్ని చూస్తున్నవాణ్ణి అడగాలి.
"కొత్త మిషను కొనేద్దాం" అన్నాడు మేత కంపెనీ ఆయన,
ఏరేటరు కొన్నంత తేలిగ్గా.

ఎందుకో కుడి పేజీ గుర్తొచ్చింది.
ఎన్ని అంకెలు కూడానన్నది వదిలేసి
అంకె కోసం ఎన్నిసార్లు దూరం వెళ్ళానో లెక్కపెట్టాను.
క్యాషులో లేదనిపించుకుని
మెమరీ దాకా పోయొచ్చినవి నూటికి తొంభై ఏడు.
గదిలో ఎవరూ లేరు. అయినా సిగ్గేసింది.

ఒక్క అంకె అడిగితే మెమరీ ఎనిమిది పంపుతుంది,
పక్కపక్కనున్నవి, పంటు నిండా.
ఒకే నిమిషంలో కొలిచిన ఎనిమిది చెరువులు
ఒకే బల్ల మీద కూచుని వస్తాయి.
నేను ఒక్కదాన్ని దించుకుని
మిగతా ఏడింటినీ నడిగోదాట్లో వదిలేశాను.
రెండో చెరువు వంతు వచ్చేసరికి
వదిలేసినవాటి కోసమే మళ్ళీ అద్దరికి.

మార్చింది రెండు లైన్లు.
లోపలి లూపు బయటికి, బయటిది లోపలికి.
ఒక్కో నిమిషాన్నీ పట్టుకుని
అందులోని చెరువులన్నిటినీ వరసగా దించుకుని
ఎవరి చిల్లర వాళ్ళ డబ్బాలో వేయడం.
ముప్పాతిక సెకను.
అదే మిషను. అవే కూడికలు, ఒక్కటీ తగ్గలేదు.

రైతుల పేర్ల జాబితా మాత్రం మొండికేసింది.
ఒక్కో పేరూ తర్వాతి పేరెక్కడో చెప్పి ఊరుకుంటుంది:
ఒక లంకలో ఇల్లు, ఆ ఇంటివాళ్ళు వేలు చూపించే
ఇంకో లంకలో ఇంకో ఇల్లు.
దానికింకా పంటు తిరుగుతూనే ఉంది.

మొన్న ఇదంతా ధర్మారావుకి చెప్పబోయాను.
ఆయన చూడకుండానే చెవి మీది పెన్సిలు తీసి
కుడి పేజీలో గీత గీశాడు.
పంటులో నేనూ ఒక మోటారుసైకిలూ, అంతే.
"ఇదీ తిరుగుడే" అన్నాడు.