మూడు మెట్ల పైన మైకు

మా గుడిలో రెండు మైకులున్నాయి.
ఒకటి మూడు మెట్ల పైన, టేకు పల్పిటు మీద.
రెండోది కింద, హార్మోనియం పక్కన,
మెడ ఊడిపోతే ఇన్సులేషన్ టేపు చుట్టింది.
రెండింటికీ వైర్లు లాగేది నేనే.
వారమంతా కార్పొరేషన్ లారీ,
ఆదివారం ఈ యాంప్లిఫయరు.

పై మైకు అయ్యగార్లకి.
కింది మైకు సాక్ష్యాలకి, ప్రకటనలకి,
ఎవరో మర్చిపోయిన గొడుగులకి, ఆడవాళ్ళకి.

సువార్తమ్మది ముప్పై ఏళ్ళుగా కింది మైకే.

మా తాతలు వ్యాసర్పాడిలో దిగినప్పుడు
చేతిలో చీపురు, నోట్లో నెల్లూరు తెలుగు.
చీపురు మిగిలింది.
తెలుగు కరుగుతూ వచ్చింది.
బళ్ళో తమిళం, బస్సులో తమిళం,
కలలు కూడా తమిళంలోనే అంటాడు నా కొడుకు.
శనివారం సాయంత్రాలు గుడి వరండాలో
పలకలు పంచి అక్షరాలు దిద్దించింది ఆమె.
'భక్తి'ని 'పక్తి' అన్న ప్రతి నోటినీ
మళ్ళీ అను, మళ్ళీ అను అని కూర్చోబెట్టింది.

వరదొచ్చిన ఏడు
గణేశపురం సబ్‌వే నిండిపోయి
అయ్యగారు అవతల చిక్కుకుపోతే,
కరెంటు లేని ఐసుపెట్టెలో
ఏసోబు పెదనాన్న రెండు రోజులు ఎదురుచూస్తే,
నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చి
సమాధి మాటలు చెప్పింది ఆమే.
మొదటి పిడికెడు మట్టి ఆమే వేసింది.
ఆరోజు ఎవరూ వచనం వెతకలేదు.

ఇప్పుడు అయ్యగారు పోయి పద్నాలుగు నెలలు.
మేమిచ్చే జీతానికి ఎవరూ రావడం లేదు.
సంఘం మీటింగులో ఎవరో మెల్లగా అన్నారు,
సువార్తమ్మనే అభిషేకిస్తే పోలా అని.
ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదయింది.

జెకర్యా మామ లేచాడు. మంచివాడే,
అప్పడిగితే లేదనడు.
"నా ఇష్టమా ఇది? రాసుంది గదా, ఏం చేసేది" అని
మనవడి చేతికి పుస్తకమిచ్చాడు.
ఆడవాళ్ళు సంఘంలో నోరు విప్పొద్దన్న పౌలు ఉత్తరం
వాడు నిలబడి చదివాడు,
ఒక్క ఒత్తు జారకుండా,
ఒక్క దీర్ఘం కుంగకుండా.
కిటికీ పక్కన సువార్తమ్మ
పెదాలు కదుపుతూ వింటోంది,
పిల్లాడు ఎక్కడ తప్పు చదువుతాడోనని.

చేతులెత్తమన్నారు.
నేనెత్తాను. నా పక్కన మా అమ్మ ఎత్తలేదు.
నలభై ఒకటి, నలభై ఆరు.
'వచ్చే ఏడు చూద్దాం' అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇంటికొచ్చి అడిగాను, కోపంగానే.
అమ్మ నెత్తళ్ళు తోముతోంది. తలెత్తకుండా అంది:
"అయ్యగారెప్పుడన్నా మన వంటింట్లోకొచ్చాడా?
ముందు గదిలో కుర్చీ వేస్తే కూచున్నాడు,
కాఫీ తాగి, ప్రార్థన చేసి పోయాడు.
ఈమె నా పక్కన ఈ పీట మీద కూచుని
మీ నాయన కొట్టినచోట నూనె రాసింది.
మీరు మెట్లెక్కిస్తే రేపు ఈమెకీ కుర్చీ వేస్తారు.
అప్పుడు నేనెవరితో చెప్పుకునేది?"

నా దగ్గర జవాబు లేదు.
తప్పు మెట్లది గదా, ఆమెది కాదు గదా అని
పడుకున్నాక తోచింది.
అప్పటికి అమ్మ గురక పెడుతోంది.

శనివారం రాత్రి గుడి తాళం నా దగ్గరే ఉంటుంది.
పై మైకు స్టాండు వదులు చేసి
సువార్తమ్మ గడ్డం ఎత్తుకి దించాను.
కొలత అడగాల్సిన పనిలేదు,
ముప్పై ఏళ్ళుగా నా చేతికి అలవాటే.
పట్టకారుతో బిగించాను,
మనిషి వేళ్ళకి లొంగనంత.

ఆదివారం తిరువొత్తియూరు నుంచి
అరువు అయ్యగారొచ్చారు. ఆరడుగుల మనిషి.
స్క్రూ తిప్పి చూశారు. నా వంక చూశారు.
"తుప్పు పట్టిందండయ్యా" అన్నాను కింది నుంచి.
గంటంబావు ప్రసంగమూ
నడుం వంచే చెప్పారు.

బయటికొచ్చాక అమ్మ
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ అంది:
"వంగితే బాగానే వినపడుతుందే."