మెట్ల లెక్క

పొద్దస్తమానం వస్త్రలతలో
చీర మీద చీర విప్పుతూ
"తీసుకోండక్కా, మళ్ళీ ఈ రంగు రాదు" అంటాను.
వస్తుంది.
వచ్చే నెల ఇదే రంగు ఇంకో పేరుతో వస్తుంది.
ఆ మాట చెప్పకుండా ఉన్నందుకే నాకు జీతం.

రాత్రి తొమ్మిదిన్నరకి సింగ్‌నగర్‌లో ఆటో దిగేసరికి
కెజియా నిద్రపోయి ఉండేది.
ఆ నిద్రమొహానికి ఏం జవాబు చెప్పాలో తెలీక
దిండు పక్కన ఏదో ఒకటి పెట్టేదాన్ని.
కళ్ళార్పే బొమ్మ,
చక్రాల బూట్లు,
మీట నొక్కితే ఏబీసీడీలు చదివే రైలు.
మూడేళ్ళలో ఇల్లంతా
నా ఆలస్యాలతో నిండిపోయింది.

ఆ సెప్టెంబరు ఆదివారం
బుడమేరు గడప దగ్గర ఆగి అడగలేదు.
మోకాలు, నడుము, కిటికీ ఊచలు.
పై వాటా మెహరున్నిసా గారు తలుపు బార్లా తీసి నిలబడితే
పద్దెనిమిది మెట్లు, ఎక్కడం దిగడం.
కుక్కరు, గ్యాసు పుస్తకం, ఆధార్ కార్డుల సంచీ,
బైబిలు, అత్తయ్య బీపీ మాత్రలు.
నాలుగోసారి దిగబోతే
మా ఆయన జబ్బ పట్టుకుని ఆపేశాడు.
లోపల సోఫా తేలి
తలుపుని దున్నలా కుమ్ముతున్న చప్పుడు.

నీళ్ళు తీశాక
ఇంటింటి ముందూ ఒక గుట్ట.
ఉబ్బిన చెక్క బీరువాలు, నీళ్ళు తాగిన పరుపులు,
ఎవరి గుట్ట ఎవరిదో
పిల్లల బొమ్మల్ని చూసి పోల్చుకోవాలి.
మా గుట్ట మీద ఆ రైలు
బురద నోటితో "ఏ" అంటోంది.
కాసేపాగి మళ్ళీ "ఏ".
కార్పొరేషన్ బండివాడు పారతో ఎత్తేదాకా
"బీ" రాలేదు.

వాషింగ్ మెషీన్నీ అదే బండిలో పంపాం.
దాని వాయిదాలు మాత్రం
ఇంకా నాలుగున్నాయి.
ప్రతి అయిదో తారీఖున ఇల్లు వెతుక్కుంటూ వస్తాయి.

మొన్న జీతమొచ్చాక
కెజియాని బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్ళాను.
తోపుడుబండి పక్కన గులాబీరంగు వంటింటి సెట్టు,
పొయ్యీ సింకూ గిన్నెలూ,
దాదాపు పిల్లంత ఎత్తు.
నా చెయ్యి అప్పటికే పర్సు జిప్పు మీదుంది.
పిల్ల చుట్టూ తిరిగింది.
ఓ మూల పట్టుకుని లేపి, బరువు చూసి
"అమ్మా, నీళ్ళొస్తే దీన్ని పైకి మోయగలమా?" అంది.
బండివాడు నవ్వాడు.
ఏడేళ్ళ పిల్ల వేయాల్సిన లెక్కా అది?

అయినా ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నది ఆ లెక్కే.
ఏదైనా కొనాలనిపిస్తే
మనసులోనే భుజానికెత్తుకుని బయల్దేరతాను.
ఏడో మెట్టు దగ్గర
చాలావాటిని దించేస్తాను.
అన్నిటినీ కాదు.
నిన్న ఫోనులో సగం ధరకొస్తోందని
దుప్పటి కొన్నాను, ఉన్నది చిరగకుండానే.
తేలికేగా, చంకలో పెట్టుకుని ఎక్కేయొచ్చని
నాకు నేనే చెప్పుకున్నాను.

కొట్లో ఓ పెద్దావిడ రెండు చీరల మధ్య ఊగుతుంటే
"ఒకటి చాల్లెండి పిన్నిగారూ" అని నోరు జారాను.
సేటు అద్దంలోంచి చూశాడు.

మంగళవారాలు నాలుగింటికే వచ్చేస్తున్నాను.
అర పూట కోత.
పద్దుపుస్తకంలో ఉప్పూ పప్పుల కింద రాశాను:
కెజియాతో సాయంత్రం, రెండొందల పది.

సోఫా ఉన్న చోట ఇంకా ఏమీ కొనలేదు.
గోడ మీద నీటి చార అలాగే ఉంది.
కింద గచ్చు మీద పిల్ల సుద్దముక్కతో
తొక్కుడుబిళ్ళ గీసుకుంది, ఎనిమిది గళ్ళు.
రాత్రి గడియ పెట్టాలంటే
దాని మీంచే వెళ్ళాలి.
"గీత తొక్కితే ఔటు" అంటుంది మంచం మీంచి,
ఇంకా మేలుకునే ఉన్న గొంతుతో.
కొంగు దోపుకుని
ఒంటికాలి మీద బయల్దేరతాను.