ఇరవై మూడు కాడ

"ఇరవై మూడు కాడ చచ్చిపోతా ఉందబ్బాయ్,"
అంది మాలకొండమ్మ.
"ఇరవై నాలుగు దాకా బాగానే మాట్లాడుద్ది.
ఆ తర్వాత చెప్పా పెట్టకుండా పోద్ది."

కందుకూరు, పామూరు రోడ్డు.
టీ కొట్టుకీ ఎరువుల కొట్టుకీ మధ్య
ఇరుక్కున్న నా బల్ల మీద
రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టిన ఫోను.
తీస్తే వెనక అద్దం లేచింది,
అన్నం పొంగేటప్పుడు మూత లేచినట్టు.

షోరూములో పిల్లోడు ముట్టుకోను కూడా ముట్టుకోలేదంట.
కొత్తది తీసుకోమ్మా, కంతుల మీద ఇస్తాం అన్నాడంట.
పాతదాన్ని తెరవడం కుదరదన్నాడంట.
"కుదరదా, తెరవగూడదా?"
నన్నే నిలదీసింది,
కంపెనీ నాదైనట్టు.

ఒకప్పుడు గోరు చాలు.
టిక్కుమని వెనక రేకు ఊడేది,
బ్యాటరీ తీసి చొక్కాకి తుడిచి
ఉఫ్ మని ఊది పెడితే
ఇంకో ఆర్నెల్లు.
ఇప్పుడు గోరు దూరే సందు లేదు,
పైకి ఒక్క మర కనపడదు. అంతా జిగురు.
ముందుగా ముసలిదయ్యేది గుండేనని తెలిసీ
దానికి తలుపు పెట్టలేదు.
మర్చిపోయి కాదు, లెక్క వేసుకునే.

హీట్ గన్ తీశాను.
మా నాయన కాశింసాయిబు
కొండపి దగ్గర పొగాకు బ్యారన్లకు మంట పెట్టేవాడు.
లోపల థర్మామీటరు ఉండేది,
ఆసామి ధైర్యం కోసం.
నాయన దానివైపు చూసేవాడు కాదు.
ఆకు తీసి ఈనె విరిచేవాడు.
పటుక్కుమంటే సరే,
వంగితే ఇంకో పూట.
"మీటరు మాట మీటరుది,
ఆకు మాట ఆకుది."

అంచు వెంట వేడి తిప్పుతూ
బొటనవేలు ఆనించి కనిపెట్టుకుని ఉన్నాను.
ఎక్కువైతే తెర మచ్చ పడుద్ది,
తక్కువైతే అద్దం పగులుద్ది.
ఎండిన గోరింటాకు పెచ్చులా
మెల్లగా, ఒక మూల.

లోపల అది పూరీలా పొంగి ఉంది.
గుచ్చమాకు, గుచ్చమాకు అని
నాకు నేనే చెప్పుకుంటూ పైకి లేపాను.
తియ్యటి వాసన,
మగ్గిపోయిన అరటిపండుకీ గోళ్ళరంగుకీ నడుమది.

"చూడనీ," చెయ్యి చాపింది.
అందరూ అడగరు.
అరచేతిలో పెట్టుకుని తూకం చూసింది,
పదహారేళ్ళుగా కంపెనీలో
ఆకు గ్రేడు చేస్తున్న చెయ్యి.
"లో గ్రేడు," అంది, నవ్వకుండా.

"రాత్రంతా చార్జింగు పెట్టి నిద్రపోతావా?"
"ఉండేది ఒక్క ప్లగ్గు, నలుగురం.
నా వంతు రాత్రే."

నా దగ్గరున్న సలహాలన్నీ
గదికి నాలుగు ప్లగ్గులున్నోళ్ళవి.
నోరు మూసుకున్నాను.

పాతదాన్ని ఇసక డబ్బాలో వేశాను.
రామాయపట్నం ఇసక.
అందులో ఇంకా నలభై దాకా ఉన్నాయి.
ఒంగోలు నుంచి ఒకతను వచ్చి
తూకానికి తీసుకుపోతాడు.
ఎక్కడికో
నేనెప్పుడూ అడగలేదు.

"ఇది ఒరిజినలేనా?"
"ఒరిజినల్ మాకివ్వరు. ఇది దాని పిన్ని కొడుకు."
"మన్నుద్దా?"
"రెండేళ్ళు. నీళ్ళు మాత్రం తగలనీయమాకు,
తెరిచిన ఫోను ఇంక తడికి ఆగదు."
"మూసున్నప్పుడు ఏమన్నా ఈత కొట్టిందా!"

కొత్త జిగురు రాసి, చుట్టూ క్లిప్పులు బిగించి
పొద్దున రమ్మన్నాను.
షట్టరుకి తాళం సరిగా పడదు,
అందుకని ఫోను ఇంటికి తెచ్చుకున్నాను.

నాలుగూ పదికి మోగింది.
అలారానికి పేరు పెట్టుకుంది:
లెయ్యి మాలకొండా.
క్లిప్పుల సందున వేలు దూరలేదు.
మోగీ మోగీ అదే ఆగింది.

వీధి చివర గ్రేడింగు కూలీల ఆటో
ఒకసారి హారన్ కొట్టింది.
కాసేపాగి మళ్ళీ.
ఎవరో చెప్పులతో పరిగెత్తిన చప్పుడు.

లైటు వేసి చూశాను.
తొంభై ఆరు.

ఈనె ఉంటే
విరిచి చూసేవాణ్ణి.