రెండో గంట

నాకు అప్పగించిన పని వినడం.
ఊరి బడిలో మూడో తరగతి గది, కిటికీలకు గోనెపట్టాలు,
లోపల మూడు డ్రమ్ములు: ఆకుపచ్చ, పసుపు, బూడిద రంగు.
గాంబియాలో మేం కాగితం మీద ముద్ర వెయ్యం.
ఒక మనిషికి ఒక గాజు గోళీ.
గొట్టంలో జారవిడిస్తే లోపలి గంట ఒక్కసారి ఖంగుమంటుంది,
ఆపైన గోళీ రంపపు పొట్టులో పడి నోరు మూసుకుంటుంది.
ఖంగు ఒకటైతే ఓటు. రెండైతే దొంగతనం.
అందుకే ఆ రోజు బడి దరిదాపులకు సైకిళ్లు రాకూడదు.

సైకిళ్లు బాగుచేసే యోరో పొద్దున్నే వచ్చి
"నా గంటలన్నిట్లో గుడ్డలు కుక్కాను, చూడు" అన్నాడు.
పంటినొప్పి వచ్చిన పిల్లల్లా ఉన్నాయవి.

మధ్యాహ్నం దాకా నూట తొంభై గంటలు.
కళ్లు మూసుకుని విన్నాను.
మనిషి గుమ్మం దాటీ దాటకముందే మోగిందంటే
ఆ ఓటు నిన్న రాత్రే ఊరిపెద్ద అల్కాలో అరుగు మీద పడిపోయిందని లెక్క.
ఊరంతా ఒకే రంగని ఆయన కోలా గింజలు పంచుతూ చెప్పాడు.
నాకూ రెండు ఇచ్చాడు. నమిలాను.

అప్పుడు న్యీమసాతా వచ్చింది.
మడ అడవుల్లో ఆల్చిప్పలు ఏరే మనిషి,
అరచేతులనిండా చిప్పల గాట్లు.
గోళీని వెలుతురుకెత్తి చూసింది,
చెల్లే నాణెమో కాదో చూసినట్టు.
లోపలికెళ్లింది.

గంట లేదు.
క్యూలో ఎవరో దగ్గారు.
గంట లేదు.
అల్కాలో గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతుకు ఒక రంగుంది.
నిమిషం. రెండు. లోపల ఒక మనిషి
ఒంటరిగా ఆలోచిస్తున్న చప్పుడు.
అలాంటి చప్పుడొకటి ఉంటుందని అంతవరకు నాకు తెలీదు.

అప్పుడు ఖంగు.
వెంటనే, లేదా దానితోనే, ఇంకో ఖంగు.

"రెండు!" అన్నాడు అల్కాలో తమ్ముడు.
"రెండు" అంది క్యూ తల. "రెండు" అంది తోక.
తోక సంతబజారు దగ్గరుంది, అక్కడ మేకల అరుపు తప్ప ఇంకేం వినపడదు.
పుట్టుచెవిటి డెంబా కూడా రెండు వేళ్లు ఎత్తాడు.

పదిమంది నోట పడ్డాక నాకూ అనుమానమొచ్చింది.
రెండోది గోనెపట్టాకి ఇవతలిదా, అవతలిదా?
వీధిలో ఒక కుర్రాడు సైకిల్ దిగి బిక్కమొహంతో నిలబడ్డాడు,
వాడి గంటలో గుడ్డ లేదు.
న్యీమసాతా బయటికొచ్చింది. ఎవరినీ చూడలేదు, నన్ను తప్ప.
నోట్లో కోలా చేదు ఇంకా ఉంది.
"ఒకటే" అన్నాను.
అరువు తెచ్చుకున్న గొంతులా వినపడింది.
మళ్లీ అన్నాను. ఈసారి నాదే.

రాత్రి లాంతరు వెలుగులో
గుంటలు తొలిచిన చెక్కపలక మీద గోళీలు సర్దాం.
పుస్తకంలో పేర్లు మూడు వందల పన్నెండు.
గోళీలు మూడు వందల పదకొండు.
డ్రమ్ములు బోర్లించాం, పొట్టు జల్లించాం. అంతే.

నేను విన్నది ఒకటేనా? అదీ లేదా?
రెండు ఖంగులూ వీధిలోవేనా?
మూడు రంగుల్లో ఏదీ నచ్చని ఒక మనిషి
చీకట్లో తన గోళీని కొంగున ముడేసుకుందా?

జిల్లా అధికారి ఆవులిస్తూ
కాలితో సంచిని నావైపు నెట్టాడు.
మిగిలిన గోళీలు బోలెడున్నాయందులో.
ఒకటి తీసి ఆ ఖాళీ గుంటలో పెడితే
లెక్క సరి, అన్నం వేడి, అందరం ఇంటికి.
నదిని పట్టుకు వేలాడే మా సన్నటి దేశం,
దాని తుపాకులు, లక్క సీళ్లు, కోర్టు మెట్లు
అన్నీ వచ్చి ఆ గోనెసంచి మూతి దగ్గర నిలబడ్డాయి.
కట్టడానికి ఉన్నదల్లా జానెడు పురికొస.

కట్టేశాను.
"ఒకటి తక్కువ" అని రాసి సంతకం పెట్టాను.
చెయ్యి వణికింది, సంతకమూ వణికింది.

అల్కాలో ఇప్పుడు నాకు కోలా గింజలివ్వడు.
న్యీమసాతాను నేనేమీ అడగలేదు.
సంతలో ఆల్చిప్పలు అందరికీ కొలిచినట్టే నాకూ కొలుస్తుంది,
కొసరు వెయ్యదు.

దారిలో సైకిల్ గంట మోగితే మాత్రం
నా బొటనవేలు తనంతట తానే ఒక వేలు మడుస్తుంది.
రెండో వేలి దగ్గర ఆగి
వింటుంది.