ప్రయాణ సమయం కలపరాదు

నాలుగు క్రెడిట్లు. నూట అరవై గంటలు.
పదేళ్ళ ప్రాక్టీసున్న వకీలు సంతకం,
మూడు ప్రతులు, ఒకదాని మీదే కాలేజీ గుండ్రటి ముద్ర.
ఫారం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో:
ప్రయాణ సమయం కలపరాదు.

ముందు భీమవరంలో అడిగాను.
ఏసీ గదిలో ఆయన ఫారం తిరగేసి
"నాన్నగారేం చేస్తారమ్మా" అన్నారు.
ఐసు ఫ్యాక్టరీలో అండి.
ఫారం బల్ల మీద జారి నా వైపొచ్చేసింది.
తణుకులో ఒకాయన సంతకం ఇప్పుడే పెడతానన్నారు,
రావక్కర్లేదు, మూడు వేలు.
నా పక్క బెంచీ అమ్మాయి అలాగే కట్టింది.
తననేమీ అనను.
నా దగ్గర మూడు వేలు లేవు,
నా నిజాయితీకి మొదటి కారణం అదే.

రాజోలులో నేలపూడి సువార్తమ్మగారు,
కోర్టు ఎదురుగా జిరాక్సు షాపు మేడ మీద.
ఫారం వైపు చూడనైనా చూడలేదు.
"పాత దస్తావేజు చదవగలవా? చేతిరాత?"
రాదండి.
"మరి నాలుగేళ్ళూ ఏం నేర్పారు?"
రాజ్యాంగమండి.
నవ్వారు.
"సర్లే, అదీ ఎప్పుడో పనికొస్తది. సోమవారం రా."

నది అవతల వేరే జిల్లా కాబట్టి
కాలేజీ ఇంకో ఉత్తరం రాయించుకుంది.
పొద్దున్న ఏడింటికి నరసాపురం రేవు.
మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, రొయ్యల టబ్బులు,
మధ్యలో సంచీలో మడతపెట్టిన నల్లకోటు, నేను.
పంటు కదిలాక అవతలి గట్టు తగిలేదాకా
నేను ఏ జిల్లా మనిషినీ కాను.

మొదటి వారమంతా గుమస్తా చిట్టబ్బాయిగారు
నాకు నేర్పింది దారం.
"బిగిస్తే కాయితం కోసుకుపోద్దండి,
వదిలేస్తే వాయిదా నాటికి ఓ సాక్ష్యం జారిపోద్ది."
లాగ్‌బుక్కులో 'నేర్చుకున్నది' అన్న గడిలో
సివిల్ ప్రొసీజర్ అని రాశాను.
దారం అని రాస్తే మార్కులెవరిస్తారు?

పదకొండో రోజు, పంటు మీద, ఓలేటి పల్లాలు తాత.
"అమ్మాయ్, ఆ సంచీలోది వకీలు కోటేనా?"
నడుం దగ్గర్నుంచి తీశాడు పాలిథిన్ కవరు.
కోర్టు కాయితం. చివరి మడత తడిసి అతుక్కుపోయింది.
రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు తన అరెకరంలోకి దిగుతుంటే
బోదెకు అడ్డంగా మట్టేశాడట.
వాళ్ళు దావా వేశారు. ఈయన వెళ్ళలేదు.
ఈయన లేకుండానే తేల్చేశారు, పద్నాలుగు రోజుల కిందట.
"ముప్పై రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు తాతా,
ఇంకా పదహారున్నాయి."
"ఆయ్" అన్నాడు.
ఎవరైనా నా మాట నమ్మి ఆయ్ అనడం
అదే మొదటిసారి.

మెట్లెక్కించి తీసుకొచ్చాను, గొప్పగా.
చిట్టబ్బాయిగారు కాయితం మీద నంబరు చూసి
నోట్లో కిళ్ళీ నమలడం ఆపేశారు.
బీరువా మూడో అరలో, నేనే దారం కట్టిన కట్ట:
చెరువు వాళ్ళ వకీలు సువార్తమ్మగారే.

"పెద్దాయనా, నేను మీతో మాట్లాడకూడదు,
ఎదుటివాళ్ళు ముందొచ్చారు.
కోర్టు వెనక గదిలో ఉచిత న్యాయసహాయం ఉంది,
ఇవాళే వెళ్ళండి."
ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు
జిరాక్సు మిషను చప్పుడులో కలిసిపోయేదాకా
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.
"గడువు చెప్పేశావా?"
చెప్పేశానండి.
"ఎన్ని రోజులన్నావు?"
ముప్పై.
"లెక్క తప్పు చెప్పలేదు కదా, అంతే చాలు."
కాసేపాగి, ఫ్యాను వైపు చూస్తూ:
"పంటు మీద జరిగింది నీ గంటల్లోకి రాదు.
ఫారంలోనే ఉంది."

అంటే ఆవిడ చదివారు.

ఆ రాత్రి లాగ్‌బుక్కు తెరిచి
ఆ తేదీ ఎదురుగా ఆరు గంటలు వేశాను.
నేర్చుకున్నది: దస్తావేజులు.
పెన్ను కాసేపు అక్కడే ఆగి, కాయితం మీద చుక్క పడింది.

మర్నాడు పంటు మీద తాత ఆ చివర, నేను ఈ చివర.
పలకరించలేదు. నేనూ పలకరించలేదు.
నడి గోదాట్లో కెరటమొకటి రేకు మీదికెక్కి
నీళ్ళు నా వైపు పాకుతుంటే
లేచొచ్చి, నా సంచీ ఎత్తి
పాల క్యాను మీద పెట్టి
వెనక్కి వెళ్ళి కూచున్నాడు.

అందులోనే ఉంది ఆయన మీద దావా కట్ట,
నా దారంతో.