ఓడపార

పన్నెండు బారల లోతు.
గుండు కట్టిన తాడు వదిలి, మళ్ళీ లాగి
చేతులు చాచి కొలిచాడు తెడ్డు పరసన్న.
గుండుకి ఇసక అంటలేదు, నాచు అంటింది.
"ఇదే," అని ఇంజను ఆపేశాడు.

నేను తెచ్చుకున్నది ఒక కాగితం.
పోర్టు ఆఫీసు పాత రిజిస్టరులోంచి
నా చేత్తో ఎత్తి రాసుకున్న నాలుగు ముక్కలు:
ఓడ పేరు రంగనాయకి. రెండు కొయ్యల స్కూనరు.
కట్టింది తాళ్ళరేవులో. కలప టేకు, మద్ది.
రంగూను నుంచి రాక. బియ్యం, వెయ్యిన్నూరు బస్తాలు.
తుపానులో నష్టం.
దొరికినవి: లంగరు ఒకటి, గొలుసు ముప్పై బారలు.
బియ్యం: లేదు.
మనుషుల గడి ఖాళీ.

ముప్పయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేశాను,
ఖాళీ గడి అంటే ఏమిటో తెలుసు.
రాసేవాడికి ఆకలేసి ఉంటుంది.

బహుధాన్య నామ సంవత్సరం, కార్తీకం.
పేరులో అంత ధాన్యం పెట్టుకున్న యేడు
ధాత కరువు వెళ్ళీ వెళ్ళనట్టుంది,
ఏ పొయ్యిలోంచీ పిల్లి లేవలేదు.
ఓడ వచ్చి యారాడ కొండకి ఎదురుగా లంగరేసింది.
సరుకు దింపలేదు.
మానెడు మీద ఇంకో అణా ఎక్కేదాకా ఆగమని
ఒడ్డు నుంచి సావుకారు కబురు.
మూడు రోజులు
జాలరిపేట ఆడవాళ్ళు ఇసకలో కూచుని
వలలు అల్లుతూ
ఆ ఓడని కళ్ళతో తిన్నారు.

నాలుగో రాత్రి తూరుపు లేచింది.

గాలి పగలగొట్టలేదంటాడు పరసన్న.
రాయీ కాదు.
కెరటం ఒకటి మూత ఊడదీసి లోపలికి పోయింది.
బియ్యం నీళ్ళు తాగాయి.
తాగి తాగి నానాయి, ఉబ్బాయి,
గోనెలు పిగిలాయి,
తాళ్ళరేవు వడ్రంగులు పీచూ గుగ్గిలమూ కూరి
మూసిన ప్రతి సందూ
లోపలి నుంచి తెరుచుకుంది.

తెల్లారి ఒడ్డంతా తెల్లగా ఉంది, నురగ కాదు.
కొంగుల్లో ఎత్తారు, బుట్టల్లో, వలల్లో, దోసిళ్ళలో.
ఏడు నీళ్ళు కడిగినా ఉప్పు పోలేదు.
తిన్నారు. కక్కుకున్నారు. మళ్ళీ తిన్నారు.
పోలీసులు వచ్చేసరికి కుండలన్నీ బోర్లించి ఉన్నాయి.
అదీ, "బియ్యం: లేదు."
ఆ నెల పుట్టిన పిల్లకి ఉప్పమ్మ అని పేరు పెట్టారు.
పరసన్న నాయనమ్మకి అమ్మ ఆమె.

కలాసీల సంగతి అడిగాను.
చాలాసేపు తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు.
"ముగ్గురు కొట్టుకొచ్చినారట బావూ, ఆ బియ్యం మజ్జినే.
ముందు బియ్యం ఎత్తీసినారు.
తరవాతే ఆళ్ళని ఎత్తినారు.
మావోళ్ళు ఈ మాట గట్టిగా సెప్పరు."

ఇంత నీళ్ళలో ఈ చోటు ఎలా దొరుకుతుంది?
గురి, అన్నాడు.
వాళ్ళ తాతకి, ఒంటి తాడిచెట్టు కొండ మెడ మీదికి వస్తే ఇక్కడ.
తాడిని నరికేశారు.
తండ్రికి, పెంకుల గోడౌను. అదీ పోయింది.
తనకి, వాల్తేరు మెట్ట మీద నీళ్ళ టాంకు,
దాని ముందు ఇప్పుడు ఇరవై అంతస్తులు.
మనవడు ఫోనులో ఒక చుక్క పెట్టుకున్నాడు,
దానికి వాడు పెట్టిన పేరు ముత్తవ్వ.
"ఓడ ఎక్కడికీ ఎల్లనేదు బావూ,
ఊరే జరిగిపోతంది."

వల వెయ్యలేదు. ఓడపార మీద వేస్తే
ఏ వలా మొత్తంగా పైకి రాదు.
గాలం వదిలి, కేరేజీ విప్పి
తొలి ముద్ద నీళ్ళలో వేశాడు,
రెండోది నా చేతిలో పెట్టాడు.
ఇక్కడ తినే అన్నంలో వాళ్ళు ఉప్పు వేసుకోరట.
చప్పటి ముద్ద, గొంతు దిగడానికి టైము పట్టింది.
జేబులో కాగితం తడిసింది.
గాలం తాడు బిర్రుగా లాగింది,
"కోనెం," అన్నాడు పరసన్న, లేచి నిలబడుతూ.