లగ్గెరెలో కోడి తూకం

చేతిలోకి ఎత్తుకున్నాక తెలిసింది,
అది ఈకల మూటే అని.
రొమ్ము మీద వేళ్లు పెడితే
కత్తిపీట అంచు మాదిరి ఎముక.
ఎప్పుడింత చిక్కిపోయిందో
ఈకలు చెప్పలేదు.
పైకి చూస్తే నిండుగానే ఉండె,
పండగ చీర కట్టిన నా మాదిరి.

పుట్టస్వామి అంగట్లో
ఎర్రగడ్డలు తూచే పళ్లెంలో కూర్చోబెడితి.
కదల్లేదు. అదే నాకు భయమేసింది.
తొమ్మిది వందల ఎనభై గ్రాములు.
ఈ పొద్దే కూర చేసుకోమ్మా,
రేపటికి అదీ ఉండదన్నాడు.
ఆయన కన్నడంలో అన్నాడు,
నేను తెలుగులో వినిపించుకోలేదు.

నాకు పగలు దొరికేది ఆదివారం ఒక్కటే.
పెరడంటే గోడకూ మోరీకీ నడుమ
రెండు మంచాల జాగా.
అక్కడ కూర్చొని వెతికితి.
పొద్దున్నే మేతతిత్తి ఖాళీ, అడ్డం పడిందేమీ లేదు.
ముక్కు పొడి. కళ్లు తేట.
రెట్టను పుల్లతో విడదీస్తి, పురుగు కనపడలే.
రెక్కల కింద ఊదితి. ఉత్త తోలు.
తురాయి మాత్రం
ఉతికి ఉతికి వెలిసిన ఎర్ర రవికగుడ్డ.

ఆ రంగు నేనెరుగుదును.
పోయిన నెల కంపెనీకొచ్చిన డాక్టరమ్మ
నా కింది రెప్ప లాగి చూసి
రక్తమంతా ఎక్కడ పెట్టినావమ్మా అంది.
ఏడు పాయింట్లంట.
ఆమె ఇచ్చిన మాత్రల డబ్బా బీరువా మీద అట్లే ఉంది.
మింగితే కడుపులో తిప్పుతుంది,
మిషన్ ముందు కూర్చున్నాక
లేచిపోయే వీలుండదు.

పశువుల ఆస్పత్రి కాంపౌండరు
కోడి ఎంత, మందెంత అని లెక్కడిగాడు.
ఆ లెక్క నాకూ వచ్చు.
అందుకే నోరిప్పలేదు.
గేటు దాకా పోయినాక వెనక్కి పిలిచి
రాత్రి చూసినావా, అన్నాడు.

రాత్రి రెండింటికి
సెల్లు లైటు వేసుకొని పోతి.
అది పడుకునేది
కంపెనీవాళ్లు పారేస్తే నేనే మోసుకొచ్చిన
కటింగ్ బల్ల పలక మీద.
చీలికల్లోంచి
గసగసాలంతేసి కోడిపేలు,
నైట్ షిఫ్ట్ గంట కొట్టినట్టు
బారులు బారులుగా దాని కాళ్లెక్కుతున్నాయి.
ఒకదాన్ని నలిపితే
గోరు ఎర్రబడింది.

తెల్లారేలోగా పలక బూడిదైంది.
గూటికి సున్నం, మూలలకు వేపనూనె,
కాంపౌండరిచ్చిన పొడి ఈకల మొదళ్లకు.
వారానికి మళ్లీ అదంతా మొదట్నుంచి,
చచ్చినవి చస్తాయి, వాటి గుడ్లు చావవు కదా.
బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లలో ముక్కు ముంచడం,
చిటికెడు చిటికెడు సంగటి,
సన్నంగా తరిగిన మునగాకు,
ఉడికిన పచ్చసొన.
కోడికి గుడ్డు పెడతారా అమ్మా, అన్నాడు నందీశ.
ఇన్నాళ్లూ అది మనకు పెట్టలేదా, అంటి.

తొమ్మిది వందల డెబ్బై.
తొమ్మిది వందల అరవై ఐదు.
మూడో రోజు నేను అంగడికి పోలేదు.
కూర మాట మళ్లీ ఎత్తుతాడని కాదు,
ఎత్తకపోతే ఏం చేయాలో తెలీక.

పన్నెండో రోజుకు వెయ్యీ నలభై.
పుట్టస్వామే తన క్యాలెండర్ మీద రాసుకున్నాడు,
పాల లెక్క పక్కన.

తురాయి ఇంకా ఎర్రబడలేదు.
మొదట్లో సన్నటి గీత ఒకటి,
ఎండలో నిలబెడితే కనబడుతుంది,
నీడలో ఉన్నట్టే అనిపించదు.
మాత్రల డబ్బా దుమ్ము దులిపి చూస్తి,
గడువు ఇంకా ఆర్నెల్లుంది.
రాత్రి అన్నం తిన్నాక మింగితే
అంతగా తిప్పదని పక్కింటి హొన్నమ్మక్క అంటోంది.
చూడాల.

ఈ పొద్దు ముక్కు ముంచబోతే
వేలు పట్టుకొని పొడిచింది.
తోలు లేచింది.
నొప్పెడుతుంటే నవ్వొచ్చింది,
నందీశను పిలిచి
ఇదో చూడరా, అని
వేలు చూపిస్తి.